వాక్యం చదివి లేచిన పది నిమిషాలకే కోపం

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. నెల్లూరు నుంచి పెళ్లై వచ్చి పదిహేడేళ్లయింది. అంబత్తూరు ఎస్టేట్‌లో లెక్కలు చూసే ఉద్యోగం. భర్త పోయిన మా వదినగారు (మా ఆయన అక్క) కింది వాటాలో ఉంటారు. మా ఇంటి సంగతి ఏది ఆమె చెవిన పడ్డా గురువారం స్త్రీల కూడికలో ‘ప్రార్థన అంశం’ అయిపోతుంది. మా అబ్బాయి పదో తరగతిలో లెక్కలు తప్పితే, ‘మా తమ్ముడి కొడుకు దారి తప్పుతున్నాడు, కన్నీళ్లతో ప్రార్థించండి’ అన్నారట. ఆదివారం గుడి మెట్ల దగ్గర నలుగురూ వాణ్ణి ఓదారిస్తుంటే వాడు తల ఎత్తలేదు. నేను రోజూ నాలుగున్నరకు లేచి మూడు అధ్యాయాలు చదువుతాను. రెండేళ్లలో బైబిలు రెండుసార్లు పూర్తి చేశాను. కానీ చదివి లేచిన పది నిమిషాలకే, కింద ఆమె గొంతు వినబడితే చాలు, ఒళ్లు మండిపోతుంది. శత్రువును ప్రేమించమన్న వాక్యం చదివి ఇలా ఉంటే నా భక్తి అంతా వేషమేనా? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, వందనాలు.

వేషం కాదు. వేషం వేసేవాళ్లకు ఈ ప్రశ్న రాదు. నాకు మీ కోపం కంటే ఆ మెట్ల దగ్గర తలదించుకున్న పిల్లవాడి మీద ఎక్కువ దిగులుగా ఉంది. వాడి సంగతి చివర చెబుతాను.

ముందు మీ చదువు గురించి. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదిలో పూర్తవుతాయి. మీరు పట్టుకున్న లెక్క అదే. మంచి లెక్కే, నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను. అయితే జనవరి ఒకటిన ఆదికాండం మొదలుపెడితే లేవీయకాండం 19వ అధ్యాయం ఫిబ్రవరి తొలి రోజుల్లో వస్తుంది. బలులు, కుష్ఠు, శుద్ధి నియమాలు దాటుకుంటూ వస్తాం కదా, అప్పటికి కళ్లు వాలిపోతుంటాయి. ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న మాట ఉన్నది అక్కడే, 18వ వచనంలో. యేసు ప్రభువు ఎత్తి చూపిన మాట కాబట్టి అది మనందరికీ నోటికి వచ్చు. దాని పై వచనం ఎంతమందికి గుర్తుంది? సహోదరుని మీద హృదయంలో పగ పెట్టుకోవద్దు, ‘నీవు తప్పక వానిని గద్దింపవలెను’ అని ఉంది. గద్దించు అన్న పాత మాట వింటే భయమేస్తుంది గానీ, తిట్టమని కాదు. తప్పును తప్పని ఆ మనిషితోనే చెప్పడం. చెప్పకుండా లోపల దాచుకుంటే అది పగ అవుతుందనే ఆ వచనం హెచ్చరిక. ప్రేమించమన్న మాట, చెప్పమన్న మాట పక్కపక్కనే ఉన్నాయి. మీరు రెండేళ్లుగా ఒక్క దాన్నే మోస్తున్నారు. చెప్పవలసిన మాట గొంతులో ఉండిపోయింది. అందుకే ఆమె గొంతు వినబడగానే ఒళ్లు మండుతోంది.

కాబట్టి ఆమెతో మాట్లాడండి. మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన వరస మీకు తెలిసిందే: ముందు ఇద్దరే, ఒంటరిగా. పాస్టరమ్మగారి దగ్గరికి ముందు వెళ్లకండి. అలా వెళితే ఆమె మీకు చేసిందే మీరు ఆమెకు చేసినట్టవుతుంది. వెళ్లే ముందు మీ ఆయనకు చెప్పండి. ఆమె ఆయన తోడబుట్టినది, ఆయనకు తెలియకుండా జరిగితే తర్వాత ఆ గొడవ ఇంకో రూపంలో మీ మీదికే వస్తుంది. ఆయన మీ కోసం పోట్లాడక్కర్లేదు. ‘నేనూ అదే కోరుతున్నానక్కా’ అంటే చాలు.

మాట చిన్నదిగా ఉండాలి. పదిహేడేళ్లవన్నీ బయటికి తీయకండి. ‘వదినా, అబ్బాయి విషయం ప్రార్థనలో పెట్టాలనుకుంటే ముందు నన్నడగండి. అడక్కుండా చెప్పారు, వాడు చాలా నొచ్చుకున్నాడు. ఇక మీదట వద్దండీ.’ ఇంతే. ‘ప్రార్థించమనడం కూడా తప్పేనా?’ అని ఆమె అంటారు, తప్పకుండా అంటారు. తప్పు కాదు. మీరూ అలాగే చెప్పండి, ‘ప్రార్థించండి వదినా, కానీ మీ గదిలో’ అని. కొండెములు చెప్పి తిరిగేవాడు పరుల గుట్టు బయటపెడతాడని సామెతలు 11:13 అంటుంది. కళ్లు మూసుకుని చెప్పినంత మాత్రాన గుట్టు బయటపెట్టడం ప్రార్థన అయిపోదు. మన తెలుగు సంఘాల్లో ఈ అలవాటు బాగా పాతుకుపోయింది. ఎంతమంది పిల్లలు దీనివల్ల గుడికి దూరమయ్యారో నేను కళ్లారా చూశాను.

ఆమె మారకపోతే? మారకపోవచ్చు. పౌలు రోమా సంఘానికి రాస్తూ అందరితో సమాధానంగా ఉండమన్నాడు, కానీ ముందు ‘శక్యమైతే’ అన్నాడు, ఆ వెంటనే ‘మీ చేతనైనంత మట్టుకు’ అన్నాడు. ఒక్క ఆజ్ఞకు రెండు మినహాయింపులు. అవతలి మనిషి వంతు మీ తల మీద పెట్టలేదన్నమాట. దావీదును చూడండి. సౌలు రాజు ఆయన మీద ఈటె విసిరాడు, కొండల్లో తరిమాడు. జీఫు అరణ్యంలో రాజు నిద్రలో ఉండగా తల దగ్గరి ఈటె, నీళ్లబుడ్డి దావీదు చేతికొచ్చాయి, అయినా చంపలేదు. మొదటి సమూయేలు 26 అది. అప్పుడు సౌలు ‘నాయనా దావీదా, తిరిగి రా’ అని పిలిచాడు. దావీదు ఏం చేశాడు? ఈటె తిరిగి ఇచ్చేశాడు, అదీ తాను వెళ్లకుండా, పనివాణ్ణి పంపి తీసుకోమని. తర్వాత తన దారిన తాను పోయాడు. పగ లేదు, అయినా ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. మీ ఇంటి సంగతులు ఆమెకు చెప్పడం తగ్గించుకుంటే మీరు ప్రేమ తప్పినట్టు కాదు. టిఫిను పంపండి, జ్వరమొస్తే మందు తెచ్చివ్వండి, అబ్బాయి మార్కులు మాత్రం చెప్పకండి.

ఇక కోపం. దాన్ని అణచుకుని బైబిలు తెరవకండి, దానితోనే తెరవండి. 55వ కీర్తన చదవండి. నన్ను దూషించింది శత్రువైతే సహించేవాణ్ణి, నువ్వు నా చెలికాడివి, కలిసి దేవుని మందిరానికి నడిచాం కదా అని అక్కడ ఏడుపుంది. ఒకే గుడికి వెళ్లేవాళ్ల మధ్య గాయం అది. ఆ కీర్తనలో చాలా కటువైన మాటలూ ఉన్నాయి, అవన్నీ దేవునితో అన్నవే. మీరూ అక్కడే అనండి.

నా సంగతి ఒకటి చెబుతాను. నాన్నగారి ఇంటి పంపకాల దగ్గర మా అన్నయ్యకూ నాకూ మాటలు పోయి నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లూ రోజూ వాక్యం చదివాను. ‘దుష్టుడు’ అన్న చోటల్లా అన్నయ్య ముఖమే కనబడేది, నీతిమంతుల చోట నేను. అది గమనించిన రోజు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆయన్ను ప్రేమించడం నాకు చేతకాలేదు. ఆయనకు మోకాళ్ల నొప్పులని మాత్రం తెలుసు. ‘అన్నయ్య మోకాళ్లు బాగుచెయ్యి ప్రభువా’ అని రోజూ అనడం మొదలుపెట్టాను. ఎనిమిది నెలలు పొడిగానే అన్నాను, మనసులో ఏమీ కదల్లేదు. ఆ క్రిస్మస్‌కు ఫోన్ చేశాను. ‘మోకాళ్లెలా ఉన్నాయి?’ అన్నాను. ఆయన అటువైపు కాసేపు మాట్లాడలేదు. ఇంటి సంగతి ఇప్పటికీ తేలలేదు. మోకాళ్ల గురించి మాత్రం మాట్లాడుకుంటున్నాం.

మీ వదినగారికీ ఏదో ఒక అవసరం ఉంటుంది. భర్త పోయాక ఆ కింది వాటాలో రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయో, గురువారం కూడికలో తప్ప ఆమె మాట వినేవాళ్లెవరైనా ఉన్నారో లేదో. ఆమె చేసింది దీనివల్ల ఒప్పయిపోదు. రోజూ ఆమె పేరు ఎత్తి అడగడానికి ఒక్క సంగతి దొరికితే చాలని చెబుతున్నాను.

ఈ నెల మూడు అధ్యాయాల లెక్క పక్కన పెట్టండి. ఐదున్నర దాకా నిద్రపోండి, చాలని నిద్రతో ఎవరికైనా కోపమే వస్తుంది. ఎలక్ట్రిక్ ట్రైన్‌లో కూర్చున్నాక పది వచనాలు చదవండి. విల్లివాక్కం, కొరట్టూరు, పట్టరవాక్కం దాటేదాకా ఆ పదే మళ్లీ మళ్లీ చదవండి. అంబత్తూరులో దిగేముందు ఆమె పేరు ఒకసారి చెప్పుకోండి.

అబ్బాయి విషయం. వదినగారి దగ్గరికి వెళ్లేముందు వాడి దగ్గర కూర్చోండి. ‘ఆ రోజు నీకు అవమానం జరిగింది, నేనప్పుడే మాట్లాడి ఉండాల్సింది’ అని చెప్పండి. లెక్కల సప్లిమెంటరీకి ఎలా చదవాలో అన్నది ఆ తర్వాత. వచ్చే ఆదివారం గుడికి రానంటే బలవంతం చేయకండి.

గురువారం లోపే ఆమెతో మాట్లాడగలిగితే మంచిది. ఏమన్నారో నాకు రాయండి, ఏమీ అనకపోయినా రాయండి.