బీసీజీ ఎక్కించాక మంట.. క్యాన్సర్ పెరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డను స్కోపుతో తీసేసి, ఇప్పుడు వారానికోసారి బీసీజీ ఎక్కిస్తున్నారు. ఆ రోజు మూత్రంలో మంట, ఒళ్లు వెచ్చబడటం. ‘లోపల ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) కదా, మామూలే’ అన్నారు డాక్టర్లు. ఇన్‌ఫ్లమేషన్ వల్లే క్యాన్సర్ వస్తుందని చదివాను. టెన్షన్‌గా ఉంది. వాపు తగ్గే మాత్రలు వేయొచ్చా?

జవాబు: మీరు చదివింది అబద్ధమేం కాదు. హెపటైటిస్-బి కాలేయాన్ని ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ పోతే అక్కడ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. నాన్నగారి విషయం వేరు. ఈ మంటను డాక్టర్లే కావాలని రాజేస్తున్నారు.

ఒంట్లో కణాలు రోజూ చనిపోతూనే ఉంటాయి. ఎక్కువ భాగం చప్పుడు చేయకుండా ముడుచుకుపోతాయి, పక్క కణానికి కూడా తెలియదు. పైరాప్టోసిస్ అనే చావు అలా కాదు. గ్యాస్‌డెర్మిన్ అనే ప్రోటీన్ కణం పొరకు తూట్లు పొడుస్తుంది. కణం ఉబ్బి పగిలి, లోపలి సరుకంతా బయటపడుతుంది. ఆ గోలకు రక్షణ కణాలు పరుగెత్తుకొస్తాయి. 2020లో చైనా పరిశోధకులు ఎలుకల రొమ్ము గడ్డల్లో 15 శాతం లోపు కణాలను ఇలా పగలగొడితేనే గడ్డ మొత్తం పోయింది. టీ-కణాలనే రక్షణ కణాలు లేని ఎలుకల్లో మాత్రం పోలేదు. అంటే గడ్డను తిన్నది ఆ పగలడం కాదు, అది పిలిచిన సైన్యం. చాలా క్యాన్సర్లు ఈ గ్యాస్‌డెర్మిన్ జన్యువుల్లో ఒకదాన్ని మూసిపెట్టుకోవడం ఊరికే కాదేమో అనిపిస్తుంది నాకు.

బీసీజీ కూడా సైన్యాన్ని పిలిచే మందే. పసిపిల్లల భుజానికి వేసే టీబీ టీకా క్రిమే ఇది. బతికున్న క్రిమి. దీన్ని మూత్రాశయంలోకి ఎక్కించిన ఫలితాలను కెనడాలో డాక్టర్ అల్వారో మొరాలెస్ బృందం 1976లో ప్రకటించింది. అలాగని మంట ఎంత ఎక్కువైతే మందు అంత బాగా పనిచేస్తున్నట్టు కాదు.

ఒకటి రెండు రోజులు మంట, కొద్దిపాటి జ్వరం ఉంటే భయం లేదు. పారాసిటమాల్ చాలు. వాపు మాత్రలు సొంతంగా వద్దు, ఆ వయసులో కిడ్నీల సంగతీ చూడాలి. స్టెరాయిడ్లు అసలే వద్దు. మందుల షాపులో అడిగి సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ తెచ్చారంటే అది ఎక్కించిన బీసీజీనే చంపొచ్చు. జ్వరం 101.3 డిగ్రీలు దాటినా, రెండు రోజులు మించినా, చలితో వణికినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి, బీసీజీ ఎక్కించారని ముందే చెప్పండి. మూత్రంలో రక్తం కనిపిస్తుంటే తర్వాతి డోసుకు ముందే చెప్పాలి, అది ఆగాకే ఎక్కిస్తారు.