జనవరి 1న అక్కడ ఇల్లు ఉందా, ఖాళీ స్థలం ఉందా?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్‌లో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నాం. నేనూ మా ఆవిడా ఇద్దరం హెచ్-1బీ వీసా మీద ఉన్నాం. మొదటి ఏడాది ప్రాపర్టీ ట్యాక్స్ 2,400 డాలర్లే వచ్చింది. ఇప్పుడు మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) కంపెనీ నెలవారీ వాయిదా 1,533 డాలర్లు పెంచుతున్నామని ఉత్తరం పంపింది. కౌంటీ రికార్డు తెరిచి చూస్తే నాలుగైదు రకాల విలువలు ఉన్నాయి, ఏది నిజమో తెలియదు. ఇంటి వైశాల్యం బిల్డర్ ప్లాన్‌లో ఉన్నదానికంటే 260 చదరపు అడుగులు ఎక్కువ వేశారు. ఓనర్ దగ్గర నా పేరే ఉంది, మా ఆవిడ పేరు లేదు. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంత ఇంట్లో ఉండేవారికి ఇచ్చే పన్ను మినహాయింపు) గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకేనని మిత్రుడు అంటే అప్లై చేయలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఊపిరి పీల్చుకోండి. మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. మీ ఇల్లు ఎక్కడికీ పోదు. పెరిగిన 1,533లో సగం ఏడాది తిరిగేసరికి తగ్గిపోతుంది. మిగతా సగంలోనూ కొంత వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. మీ మిత్రుడి మాట నమ్మి మీరు నష్టపోయారు, అయినా గడువు దాటలేదు.

టెక్సాస్‌లో ఇంటి పన్ను విషయం మూడు ఆఫీసుల మధ్య తిరుగుతుంది. మన వాళ్లు మూడింటినీ కలిపి ‘కౌంటీ’ అంటారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఇంటికి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. 1979 నాటి చట్టం వచ్చేదాకా ఊరు, స్కూలు, కౌంటీ ఎవరికి వారే విలువ కట్టుకునేవారు. ఇప్పుడు కౌంటీ మొత్తానికి ఈ ఒక్క సంస్థే కడుతుంది. బిల్లు పంపి డబ్బు వసూలు చేసేది ట్యాక్స్ అసెసర్-కలెక్టర్. పేరులో అసెసర్ అని ఉన్నా మీ ఇంటి విలువతో ఆ ఆఫీసుకు సంబంధం లేదు, అక్కడికి వెళ్లి విలువ తగ్గించమంటే ఉపయోగం ఉండదు. మూడోది కౌంటీ క్లర్క్, మీ డీడ్, అంటే ఇంటి దస్తావేజు, రిజిస్టరయ్యే చోటు. పన్ను రేటు మాత్రం ఈ ముగ్గురి చేతిలోనూ ఉండదు. స్కూల్ డిస్ట్రిక్ట్, ఊరు, కౌంటీ, కాలేజీ డిస్ట్రిక్ట్ ఎవరి రేటు వారు నిర్ణయిస్తారు. బిల్లులో పెద్ద వాటా స్కూలుదే.

ఇంకో మాట. ప్రాస్పర్, ఫ్రిస్కో, సెలీనా మూడూ కాలిన్, డెంటన్ కౌంటీల మధ్య పరుచుకుని ఉన్నాయి. ఒకే ఊళ్లో ఉంటూ మీదొక కౌంటీ, మీ స్నేహితుడిదొక కౌంటీ కావచ్చు. అందుకే రికార్డు వెతికే ముందు మీ క్లోజింగ్ కాగితాల్లో (ఇల్లు కొన్న రోజు సంతకాలు పెట్టినవి) కౌంటీ పేరు చూసుకోండి. పేరుతో వెతికితే ఇంటిపేరు ముందు కొట్టాలి. మన పేర్లు పాస్‌పోర్టులో ఒక రకంగా, డీడ్‌లో ఇంకో రకంగా ఉండటం మామూలే కాబట్టి చాలాసార్లు దొరకవు. ఇంటి నంబరు, వీధి పేరులో మొదటి పదం కొడితే చాలు, లేన్, డ్రైవ్ లాంటివి వదిలేయండి. ఒకసారి దొరికాక ప్రాపర్టీ ఐడీ రాసి పెట్టుకోండి. ఇక మీదట ఏ ఆఫీసుకు ఫోన్ చేసినా ముందు అడిగేది ఆ నంబరే.

ఇప్పుడు రికార్డు పేజీ తెరిచి, కిందికి వెళ్లి, ఏడాదివారీ విలువల పట్టిక చూడండి. మీ కథంతా అందులోని రెండు వరుసల్లో ఉంది. 2024 వరుసలో స్థలం విలువ 1,20,000 డాలర్లు, కట్టడం విలువ సున్నా. 2025 వరుసలో రెండూ కలిపి 5,80,000. మధ్యలో ఎవరూ తప్పు చేయలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం ఏ ఏడాది పన్నుకైనా ఆ ఏడాది జనవరి 1న ఆస్తి ఏ స్థితిలో ఉందో అదే లెక్క. 2024 జనవరి 1న మీ లాట్‌లో పునాది కూడా పడలేదు, ఆ రోజు ఓనర్ బిల్డరే. అందుకని ఆ ఏడాది ఖాళీ స్థలానికే పన్ను వేశారు. ఆ రోజుకు ఇల్లు సగం లేచి ఉంటే సగం కట్టడానికి విలువ కట్టేవారు. 2025 జనవరి 1 నాటికి మీరు గృహప్రవేశం చేసి మూడు నెలలు దాటింది.

మొత్తం రేటు వంద డాలర్లకు 2 డాలర్లు అనుకుందాం. 1,20,000కు 2,400. 5,80,000కు 11,600. మార్ట్‌గేజ్ కంపెనీ పాత బిల్లును చూసి ఎస్క్రోలో (పన్ను కోసం మీ వాయిదాలోంచి పక్కన పెట్టే ఖాతా) నెలకు 200 చొప్పున పోగేసింది. తీరా అసలు బిల్లు వచ్చాక 9,200 తక్కువ పడింది, కంపెనీ తన జేబు నుంచి వేసి కట్టేసింది. ఇప్పుడు రెండు పనులు ఒకేసారి చేస్తోంది: పాత లోటును 12 నెలలకు పంచి నెలకు 767 తీసుకుంటోంది, రాబోయే బిల్లు కోసం మరో 767 అదనంగా పోగేస్తోంది. రెండూ కలిస్తే మీ ఉత్తరంలోని అంకెకు ఒక్క డాలరు అటూ ఇటూగా సరిపోతుంది. పాత లోటు తీరగానే మొదటి 767 ఆగిపోతుంది. భారంగా ఉంటే ఇంకా ఎక్కువ నెలలకు పంచమని అడగండి, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. చేతిలో డబ్బుంటే లోటు ఒకేసారి కట్టేయవచ్చు.

నిజానికి ఈ సంగతి క్లోజింగ్ రోజునే మీకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ప్రతి ఏడాదీ వసంతంలో కొత్త ఇళ్లు కొన్న మన కుటుంబాలు ఇదే ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వస్తాయి. భార్యాభర్తల మధ్య గొడవలయ్యేదాకా పోయిన సందర్భాలు చూశాను. ఇంకా ఇల్లు కొననివారు ఇది చదువుతుంటే, కొత్త ఇంటికి నెల వాయిదా లెక్క వేసుకునేటప్పుడు పూర్తి ధర మీద పన్ను వేసుకోండి. మొదటి ఏడాది మిగిలిన డబ్బు ఖర్చు పెట్టకుండా పక్కన ఉంచండి.

ఇక హోమ్‌స్టెడ్. సొంత ఇంట్లో ఉండేవారికి ఈ మినహాయింపు ఇచ్చే చట్టంలో పౌరసత్వం, గ్రీన్‌కార్డ్ అనే షరతు లేదు. ఇల్లు మీదై ఉండాలి, అది మీ ప్రధాన నివాసం కావాలి, మరో ఇంటి మీద ఇదే మినహాయింపు తీసుకుంటూ ఉండకూడదు. టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ మీద ఈ ఇంటి అడ్రసే ఉండాలి. మీరు పంపిన లైసెన్స్ కాపీలో ఇంకా పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉంది. రేపే మార్చుకోండి, ఇది లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

గడువు ఏప్రిల్ 30 అని అందరూ అంటారు. అది మామూలు గడువు. ఆలస్యంగా వేసేవారికి, ఆ ఏడాది పన్ను బకాయి పడే తేదీ నుంచి రెండేళ్ల దాకా చట్టం అవకాశం ఇచ్చింది. 2025 పన్ను 2026 ఫిబ్రవరి 1న బకాయి పడుతుంది, అక్కడి నుంచి లెక్కపెట్టండి. హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఫారం 50-114 మీద 2025, 2026 రెండు ఏళ్లూ రాసి అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు ఇవ్వండి. దీనికి ఫీజు లేదు. డబ్బు కడితే హోమ్‌స్టెడ్ మేమే వేస్తామంటూ సర్కారు కాగితంలా కనిపించే ఉత్తరాలు వస్తుంటాయి, వాటిని చించేయండి.

ఎంత మిగులుతుంది? స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే మొత్తం ఇంతకుముందు 1,00,000 డాలర్లు. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో అది 1,40,000 అయింది, 2025 పన్నుకే వర్తిస్తుంది. స్కూల్ రేటు వందకు 1 డాలరు 20 సెంట్లనుకుంటే ఏటా 1,680 డాలర్ల ఆదా. కౌంటీ, ఊరు ఇచ్చే మినహాయింపులుంటే అవి దీనిపైన. 2025 బిల్లు ఇప్పటికే కట్టేశారు కాబట్టి అది రీఫండ్‌గా రావాలి. చెక్కు మార్ట్‌గేజ్ కంపెనీకి వెళ్లిందో మీకు వచ్చిందో కనుక్కోండి. వాళ్లకు వెళితే ఎస్క్రో లెక్క మళ్లీ వేయమని రాతపూర్వకంగా అడగండి.

2025కు కూడా వేయమనడానికి ఇంకో కారణం ఉంది. హోమ్‌స్టెడ్ దొరికిన మరుసటి ఏడాది నుంచి, పన్ను వేసే విలువ ఏటా 10 శాతం కన్నా ఎక్కువ పెరగకుండా పరిమితి వస్తుంది. కొత్తగా కట్టిన కట్టడాలకు అది వర్తించదు, కాబట్టి ఖాళీ స్థలం ఇల్లయినప్పుడు వచ్చిన ఆ పెరుగుదలను ఎలాగూ ఆపేది కాదు. 2025కు మినహాయింపు వస్తే 2026 నుంచే ఈ రక్షణ మొదలవుతుంది. మీ రికార్డులో రకరకాల విలువలు కనిపించడానికి కారణం కూడా ఇదే. మార్కెట్ విలువ అంటే బజారులో ఎంత పలుకుతుందని వాళ్ల అంచనా. అందులోంచి ఈ పరిమితి వల్ల తగ్గేది తీసేస్తే అప్రైజ్డ్ విలువ. దాంట్లోంచి మినహాయింపులు పోగా మిగిలేది ట్యాక్సబుల్ విలువ, ఇది స్కూలుకొకటి, ఊరికొకటి, కౌంటీకొకటి వేర్వేరుగా ఉండవచ్చు. మీ జేబుకు తగిలేది ఈ చివరిదే.

260 చదరపు అడుగుల సంగతి కొంచెం శ్రద్ధగా చూడాలి. రికార్డులో కట్టడం వివరాలు విప్పితే కింది అంతస్తు, పై అంతస్తు, గ్యారేజీ, కప్పు ఉన్న పాటియో విడివిడిగా ఉంటాయి. గ్యారేజీని వేరే వరుసలో చూపారో లేదో ముందు చూడండి. వాళ్లు బయటి గోడల నుంచి కొలుస్తారు కాబట్టి కొద్దిపాటి తేడా సహజం. మీ ప్లాన్ చూస్తే నాకు వేరే అనుమానం వచ్చింది. మీ ఫ్యామిలీ రూమ్ పైకప్పు రెండంతస్తుల ఎత్తు ఉంది, పైన గది లేదు, ఖాళీయే. ఆ ఖాళీ కొలత 16 అడుగులు ఇంటూ 16, అంటే 256. పై అంతస్తును కొలిచినవారు ఆ శూన్యాన్ని కూడా గదిగా లెక్కేసి ఉంటారని నా నమ్మకం. ఇలాంటి పొరపాటు అరుదేమీ కాదు.

దీనికి సూటి దారి ప్రొటెస్ట్, అంటే వాళ్లు కట్టిన విలువ మీద అభ్యంతరం వేయడం. ఈ వసంతంలో 2026 విలువ నోటీసు వస్తుంది. మే 15, లేదా నోటీసు ఇచ్చిన తేదీ నుంచి 30 రోజులు, ఏది తర్వాత వస్తే అదే గడువు. ఆన్‌లైన్‌లో వేసేటప్పుడు రెండు కారణాలకూ టిక్ పెట్టండి: మార్కెట్ విలువ ఎక్కువ కట్టారు, పక్క ఇళ్లతో పోలిస్తే సమానంగా లేదు. రెండోది వదిలేస్తే తర్వాత ఆ వాదన ఎత్తడం కష్టమవుతుంది. బిల్డర్ ప్లాన్, లోన్ కోసం చేసిన అప్రైజల్‌లోని కొలతల బొమ్మ, ఆ ఎత్తు గది ఫోటో జత చేయండి. వాళ్లు వాడబోయే ఆధారాలు విచారణకు కనీసం 14 రోజుల ముందు చూసే హక్కు మీకుంది, అడిగి తీసుకోండి. చాలా కేసులు విచారణ చేసే బోర్డు దాకా పోకుండా అప్రైజర్‌తో మాట్లాడే దశలోనే తేలతాయి. 2025 విలువకు ప్రొటెస్ట్ గడువు అయిపోయింది. కొన్ని రకాల పొరపాట్లకు అయిదేళ్లు వెనక్కి వెళ్లి సరిచేసే సెక్షన్ 25.25 ఉంది, కానీ వైశాల్యం తేడాను దాని కింద ఒప్పించడం తేలిక కాదు. ముందు 2026కు కొలత సరిచేయించండి, ఆ కాగితం చేతికొచ్చాక 2025 గురించి ఆలోచిద్దాం.

ఒక జాగ్రత్త. ఇల్లు ఎంతకు కొన్నారో అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు చెప్పాలని టెక్సాస్‌లో నిబంధన లేదు. డీడ్‌లో కూడా సాధారణంగా ‘పది డాలర్లు, ఇతర ప్రతిఫలం’ అని రాస్తారు, ధర కనిపించదు. మీరు కొన్న ధర వాళ్లు కట్టిన విలువ కంటే తక్కువైతే క్లోజింగ్ స్టేట్‌మెంట్ చూపించండి, అది మంచి ఆధారం. ఎక్కువైతే చూపించాల్సిన అవసరం లేదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి.

మీ శ్రీమతి పేరు గురించి. మన ఊళ్లో ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉన్నా హక్కు తేల్చేది రిజిస్టరైన దస్తావేజే కదా, ఇక్కడా అంతే. అప్రైజల్ రికార్డు పన్ను కోసం రాసుకున్న పుస్తకం, హక్కు పత్రం కాదు. కౌంటీ క్లర్క్ రికార్డులో మీ డీడ్ తీసి కొన్నవారి దగ్గర ఏముందో చూడండి. అక్కడ ఇద్దరి పేర్లూ ఉంటే, డీడ్ కాపీ పంపి పన్ను రికార్డు సరిచేయమంటే చేస్తారు. మీ ఒక్కరి పేరే ఉంటే కూడా ఆమెకు హక్కు లేదని కాదు. టెక్సాస్‌లో పెళ్లయ్యాక సంపాదనతో కొన్నది, ఎవరి పేరున ఉన్నా, ఇద్దరి ఆస్తి అనే చట్టం మొదట భావిస్తుంది. హోమ్‌స్టెడ్ ఇల్లు అమ్మాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. అయినా పేరు చేర్చుకోవాలనుకుంటే కొత్త డీడ్ రాయించవచ్చు, మార్ట్‌గేజ్ కంపెనీతో మాట్లాడాకే చేయండి.

బిల్లులో పీఐడీ అనే వరుస ఉంటే అది రోడ్లు, పార్కుల కోసం మీ కాలనీ మీద వేసిన రుసుము. హోమ్‌స్టెడ్ దాన్ని తగ్గించదు.

ఎప్పుడైనా ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లి ఈ ఇల్లు అద్దెకిస్తే, హోమ్‌స్టెడ్ తీసేయమని మీరే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు రాయండి. ఇప్పుడు వాళ్లు కనీసం అయిదేళ్లకోసారి ప్రతి మినహాయింపునూ సరిచూడాలి, అర్హత లేకుండా తీసుకున్నది వెనక్కి వసూలు చేస్తారు. ఈ వారం మాత్రం మీకు రెండే పనులు: లైసెన్స్ మీద అడ్రస్, ఆ తర్వాత ఫారం 50-114. దరఖాస్తు అందినట్టు వచ్చే కాగితం నాకు పంపండి.