రెండు నిమిషాలకే ఆయాసం వస్తోంది, కానిస్టేబుల్ ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ అయిపోయింది. కానిస్టేబుల్ అవ్వాలని ఇంటర్ నుంచీ ఆశ. రాత పరీక్షంటే భయం లేదు, రన్నింగ్ దగ్గరే ఆగిపోతున్నాను. తెల్లవారుజామున హైస్కూల్ గ్రౌండ్‌కి అకాడమీ అబ్బాయిలు వస్తారు. వాళ్ల వెనకాలే మొదలుపెడతాను. ఒక రౌండ్ కాకముందే ఆయాసం, డొక్కలో పోటు, ఇక నడకే. మర్నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేను. నాలుగు రోజులు మానేసి మళ్లీ వెళ్తాను, మళ్లీ ఇదే వరస. ‘నీ ఒంటికి ఇవి పడవు, బ్యాంకు పరీక్షలు రాసుకో’ అంటున్నారు నాన్న. నిజంగానే నేను పనికిరానా?

జవాబు: అమ్మా, పనికొస్తావో రావో తేల్చేముందు ఒక లెక్క చూద్దాం. 2022 నోటిఫికేషన్ ప్రకారం మన రాష్ట్రంలో సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు అమ్మాయిలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండ్‌కి రెండు నిమిషాల 37 సెకన్లు, అంటే వంద మీటర్లకు 39 సెకన్లు. అదే ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, 100 మీటర్ల పరుగు విడిగా ఉంటుంది, దానికి ఇచ్చే సమయం 18 సెకన్లు. 1600 మీటర్లకు నీకు కావాల్సిన వేగం అందులో సగం కూడా లేదన్నమాట.

రేపు గ్రౌండ్‌లో వంద మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా ముగ్గుతో గీత గీయి. మేస్త్రి దగ్గర టేపు ఉంటుంది, అడిగితే ఇస్తాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ దూరాన్ని సరిగ్గా 39 సెకన్లలో దాటడానికి ప్రయత్నించు. మొదటి రెండు మూడు సార్లూ ముప్పై సెకన్లకే అవతలి గీత దాటేస్తావని నా అంచనా. 39కి తగ్గట్టు పరిగెత్తితే ‘ఇదీ ఒక పరుగేనా, ఎవరైనా చూస్తే నవ్వుతారు’ అనిపిస్తుంది. పరీక్షకు కావాల్సిన వేగం అదే.

నువ్వు ఎవరి వెనకాల మొదలుపెడుతున్నావో ఆ అబ్బాయిల సంగతి వేరు. వాళ్లకు గడువు 8 నిమిషాలు. అందులో చాలామంది ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు బెటాలియన్లు) పోస్టులకు కూడా పెట్టుకుంటారు. ఆ పోస్టులకు ఈవెంట్స్‌కి మార్కులుంటాయి కాబట్టి ఎంత త్వరగా పూర్తిచేస్తే అంత లాభమని ఆరు నిమిషాల కోసం తాపత్రయపడతారు. సివిల్ పోస్టులకు ఈవెంట్స్ క్వాలిఫై అయితే చాలు. నువ్వు ఎనిమిది నిమిషాల్లో వచ్చినా, 10 నిమిషాల 25 సెకన్లకు వచ్చినా ఒకటే. ఉద్యోగం ఇచ్చేది ఆఖరి రాత పరీక్ష 200 మార్కులు, దానికి భయం లేదని నువ్వే రాశావు. కాబట్టి ముందు వాళ్లను వదిలెయ్యి. వాళ్లు వచ్చే సమయానికి అరగంట అటో ఇటో వెళ్లు, లేదంటే గ్రౌండ్‌కి అవతలి అంచున నీ పని నువ్వు చేసుకో.

ఆయాసం ఎందుకొస్తుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. శక్తికి మించి వేగంగా వెళ్తే కండరాలకు కావాల్సినంత ఆక్సిజన్‌ను గుండె, ఊపిరితిత్తులు అందించలేవు. అప్పుడు శరీరం ఆక్సిజన్ అంతగా అవసరం లేని దారిలో శక్తిని తయారుచేసుకుంటుంది. ఆ దారి ఒకటి రెండు నిమిషాలకు మించి సాగదు. నువ్వు ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే. ఇది నీ ఒంటిలో లోపం కాదు. ట్రాక్ మీద పేరున్నవాళ్లయినా తమ శక్తికి మించి మొదలుపెడితే అలాగే ఆగిపోతారు. వాళ్ల హద్దు నీకంటే పైన ఉంటుంది, అంతే తేడా. నెమ్మదిగా, క్రమం తప్పకుండా పరిగెత్తితే నీ హద్దూ పైకి జరుగుతుంది.

ఎంత నెమ్మది అంటే, మాట్లాడగలిగేంత. నువ్వు ఎలాగూ పాలిటీ చదువుతున్నావు కదా, పరిగెత్తుతూ పైకి చెప్పుకో: ‘ఆర్టికల్ 14 చట్టం ముందు సమానత్వం, ఆర్టికల్ 17 అంటరానితనం నిషేధం, ఆర్టికల్ 21 జీవించే హక్కు’. ఒక్కో వాక్యం మధ్యలో తెగకుండా వస్తే వేగం సరిపోయినట్టు. ‘ఆర్టికల్... పద్నా... లుగు’ అని ముక్కలవుతుంటే తగ్గించు. ‘ముక్కుతోనే గాలి పీల్చాలి, నోరు తెరవకూడదు’ అని గ్రౌండ్‌లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, పట్టించుకోకు. ముక్కుతోనూ నోటితోనూ, ఎలా సులువుగా ఉంటే అలా పీల్చు.

మొదటి వారాల్లో అలా కూడా పది నిమిషాలు ఆగకుండా పరిగెత్తలేవు. పరిగెత్తాలని చూడకు కూడా. కొత్తవాళ్ల కోసం 1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే ఆయన ‘కౌచ్ టు ఫైవ్ కే’ అని తొమ్మిది వారాల ప్లాన్ ఒకటి రాశాడు. ఇప్పటికీ లక్షలమంది దాంతోనే మొదలుపెడుతున్నారు. అందులో మొదటి వారం ఏముంటుందో తెలుసా? ఐదు నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. నడవడం ఓడిపోవడం కాదు, ప్లాన్‌లో అదీ ఒక భాగమే. ఆయాసమొచ్చి ఆగి నడవడం వేరు, ఆయాసం రాకముందే గడియారం చూసి నడవడం వేరు. రెండో పద్ధతిలో మొదటిరోజే ఎనిమిది సార్లు పరిగెత్తి, ఇంకా ఓపిక మిగిలుండగా ఇంటికొస్తావు. తర్వాత వారాల్లో పరుగు నిమిషాలు పెంచుతూ, నడక తగ్గిస్తూ వెళ్లు. ఏ వారమైనా కష్టమనిపిస్తే మరో వారం అదే చెయ్యి. ఐదారు వారాలకు, మరీ నెమ్మదైతే ఎనిమిది వారాలకు, పది నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలగాలి. ఆ తర్వాతే 1600 మీటర్లకు టైమ్ పెట్టి చూసుకో. అప్పటిదాకా స్టాప్‌వాచ్ నిమిషాలు మార్చుకోవడానికే, నిన్ను నువ్వు తిట్టుకోవడానికి కాదు.

మధ్య రోజుల్లో విశ్రాంతి ఎందుకంటే, ఆయాసం తగ్గినంత త్వరగా ఎముకలూ స్నాయువులూ గట్టిపడవు. మూడో వారానికి ‘ఇంకా పరిగెత్తగలను’ అనిపిస్తుంది. చాలామంది మోకాలి కింద ముందు ఎముక నొప్పి తెచ్చుకునేది అప్పుడే. కొత్తలో పిక్కలు, తొడలు రెండ్రోజులు పట్టేసినట్టుంటే మామూలే, మెల్లగా నడిస్తే సర్దుకుంటాయి. అలా కాకుండా ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి ‘ఇక్కడే’ అని చూపించగలిగే నొప్పి ఉంటే, పరిగెత్తేకొద్దీ అది పెరుగుతుంటే, ఆపేసి డాక్టర్‌కి చూపించు. సిమెంట్ రోడ్డు కన్నా గ్రౌండ్ మట్టి నయం. మీ వైపు సముద్రం దగ్గర కాబట్టి ఇసుకలో పరిగెత్తితే బలం వస్తుందని ఎవరైనా చెబుతారు. పొడి ఇసుకలో పిక్కల మీద భారం చాలా పడుతుంది, ఇప్పుడే వద్దు. స్కూల్ నాటి కాన్వాస్ బూట్లు పక్కన పెట్టి మామూలు రన్నింగ్ షూస్ ఒక జత, సరైన సైజు స్పోర్ట్స్ బ్రా ఒకటి కొనుక్కో. రెండోది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. అది లేక ఇబ్బందిపడి గ్రౌండ్ మానేసే అమ్మాయిలున్నారు. డొక్కలో పోటు విషయానికొస్తే, పరుగుకు ముందు రెండు గంటల్లో కడుపు నిండా తినకు. పోటు వస్తే నడకలోకి మారి నిండుగా గాలి వదులు.

ఇప్పుడు అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. మీ పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. తెలంగాణలో 57.6 శాతం. అంటే ఏ గ్రౌండ్‌లోనైనా ఆయాసపడే అమ్మాయిల్లో సగానికి పైగా ఈ సమస్య ఉండొచ్చు. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబినే. అది తక్కువుంటే ఎంత పట్టుదల ఉన్నా కాళ్లు కదలవు. ఇంట్లోవాళ్లు మాత్రం ‘బద్ధకం’ అంటారు. ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. తక్కువని తేలితే డాక్టర్ ఐరన్ మాత్రలిస్తారు, మానకుండా వేసుకో. టీ తాగే అలవాటుంటే భోజనానికీ మాత్రకూ దూరంగా తాగు, అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర, పప్పులో నిమ్మకాయ పిండుకో. పరుగులో పిల్లికూతలు, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉన్నా ఆ డాక్టర్‌కే చెప్పు, దాచకు.

రెండో పని, ఎత్తు. ఇదేంటి మధ్యలో అనుకోకు. అమ్మాయిలకు 152.5 సెంటీమీటర్లు ఉండాలి, బరువు 40 కిలోలకు తగ్గకూడదు. ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు సడలింపు ఉంది. గోడకు మడమలు ఆనించి, తల మీద అట్ట పెట్టి, చెప్పులు లేకుండా సరిగ్గా కొలిపించుకో. సెంటీమీటర్ తక్కువున్నా ఎన్ని నెలల పరుగూ దాన్ని పూడ్చలేదు. ఆ సంగతి ఇవాళే తెలిస్తే నీ దారి ఇవాళే మార్చుకోవచ్చు. ఎత్తు సరిపోతే 1600తో పాటు మిగతా రెండిట్లో ఒకటి చాలు, 100 మీటర్లైనా, 2.75 మీటర్ల లాంగ్ జంప్ అయినా.

ఇక నాన్నగారి మాట. బ్యాంకు పరీక్షలు రాయమనడం తప్పేమీ కాదు, రాయి కూడా. అర్థమెటిక్, రీజనింగ్ రెండిటికీ ఒకటే. కానీ పరుగు వదిలేయమనడానికి ఆయన చూసిందల్లా నువ్వు తప్పు పద్ధతిలో చేసిన పరుగునే. ఆయన్ని మూడు నెలలు అడుగు. అరగంట చొప్పున వారానికి మూడు ఉదయాలు, అంతకు మించి వద్దు. చివర్లో టైమ్ చూసేది కూడా ఆయన్నే చూడమను. మూడు నెలల తర్వాత 1600 మీటర్లు 12 నిమిషాల లోపు వస్తే ఈ దారిలో కొనసాగడంలో అర్థముంది, మిగతాది ప్రాక్టీస్‌తో తగ్గుతుంది. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉండి, ప్లాన్ తప్పకుండా చేసినా 14 దాటితే అప్పుడు బ్యాంకు వైపు ఎక్కువ సమయం పెట్టు. ఆ పరుగు కూడా వృథా కాదు. రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌లో అమ్మాయిలకు 800 మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్లు, కేంద్ర బలగాల కానిస్టేబుల్ పోస్టులకు పెట్టే ఎస్ఎస్సీ జీడీలో 1.6 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర నిమిషాలు, రైల్వే గ్రూప్-డీలో కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్లు. మొదటి రెండూ నీ లక్ష్యం కన్నా కష్టం, మూడోది కాస్త దగ్గరగా ఉంది. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కైతే పరుగే లేదు, అమ్మాయిలు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. పల్లెలో పెరిగినదానివి, ఆ నడక గురించి నీకు నేను చెప్పనక్కర్లేదు.

నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అని మాత్రం ఆగకు. 2022 నవంబర్ నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగితే, ఈవెంట్స్ 2024 డిసెంబర్ చివర్లో మొదలయ్యాయి. ఆ రెండేళ్లూ గ్రౌండ్ మొహం చూడకుండా, తేదీ రాగానే ఇరవై రోజుల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు ఎంతమందో. అదెంత ప్రమాదమో 2024లో జార్ఖండ్‌లో చూశాం. అక్కడ ఎక్సైజ్ కానిస్టేబుల్ సెలక్షన్‌లో పదికిలోమీటర్ల పరుగులో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. అలాంటి సమయంలోనే ‘ఈ ఇంజెక్షన్ వేసుకుంటే ఆయాసం రాదు’ అని చెప్పేవాళ్లు కూడా తయారవుతారు. అలాంటివాళ్లను దగ్గరికి రానివ్వకు.

ఊళ్లో కామెంట్ల గురించి నువ్వు రాయలేదు కానీ ఉండకుండా ఉండవు. తోడుగా తమ్ముడో, స్నేహితురాలో వస్తే మంచిది, ముఖ్యంగా చీకటి విడవకముందు. వాళ్లు పరిగెత్తక్కర్లేదు, గట్టు మీద కూర్చుని స్టాప్‌వాచ్ చూసినా చాలు. రెండు వారాలు అదే చోట అదే టైమ్‌కి కనిపిస్తే జనానికి నువ్వు కొత్త కాదు.

ఈవెంట్స్ రోజున బ్యాచ్ మొత్తం విజిల్ వేయగానే బాణంలా దూసుకెళ్తుంది. అప్పుడు నీ కాళ్లూ వాళ్ల వెంట లాగుతాయి, ఇప్పుడు అకాడమీ అబ్బాయిల వెనకాల లాగినట్టే. మొదటి రౌండ్ రెండున్నర నిమిషాలకు ముందే దాటావంటే తొందరపడ్డట్టు. వెనకబడ్డానని కంగారుపడకు. మూడో రౌండ్‌లో నడకలోకి దిగినవాళ్లను ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్తావు.