రాస్ప్‌బెర్రీ పైతో బతుకమ్మ తోరణం మీద ప్రొజెక్షన్ మ్యాపింగ్: వీడియో ఆగకుండా నడవాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. ప్రొజెక్షన్ మ్యాపింగ్ అంటే ఒక వస్తువు ఆకారానికి సరిగ్గా అతికేలా దాని మీద ప్రొజెక్టరుతో వీడియో వేయడం. సద్దుల బతుకమ్మ నాడు కాలనీ మైదానంలో ప్లైవుడ్‌తో చేసిన కాకతీయ తోరణం నమూనా మీద పూల దృశ్యాలు పడాలి. మీ దగ్గర రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటరు బోర్డు, 3000 ల్యూమెన్ల (వెలుగు కొలమానం) ప్రొజెక్టరు ఉన్నాయి. స్తంభానికి ఒక వీడియో, దూలానికి ఒక వీడియో, హంసలకు మరొకటి పెట్టగానే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది. ఇంతకన్నా శక్తిమంతమైన కంప్యూటరు కొనాలా అని అడిగారు.

కొనవలసిన అవసరం లేదు. హన్మకొండలో మా కాలనీ ఉత్సవ కమిటీ తరఫున కొన్నేళ్లుగా ఇదే పని చూస్తున్నాను. నా అనుభవంలో ఆ చిన్న బోర్డు శక్తి చాలకపోవడం కన్నా, దానికి పనిని ముక్కలుగా ఇవ్వడమే ఇబ్బందికి కారణమవుతుంది. పై 3లో హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే పనిని ప్రధాన ప్రాసెసరు చేయదు. గ్రాఫిక్స్ చిప్‌లో అందుకోసమే ఉన్న ఒక భాగం చేస్తుంది. 1080పి (1920 × 1080 పిక్సెళ్ల) వీడియో ఒక్కటైతే అది తడబడకుండా నడిపిస్తుంది, కానీ నాలుగైదు వీడియోలు ఒకేసారి ఇస్తే అన్నీ ఆ ఒక్క భాగం దగ్గరే వరుస కట్టవలసి వస్తుంది. కాబట్టి తోరణమంతటికీ కలిపి ఒకే వీడియో తయారు చేసుకోండి.

అది ఎలాగో వివరంగా చెబుతాను. 1280 × 720 చట్రం తీసుకొని, ఎడమ అంచున 240 పిక్సెళ్ల వెడల్పు పట్టీని ఎడమ స్తంభానికి, కుడి అంచున అంతే పట్టీని కుడి స్తంభానికి కేటాయించండి. మధ్యలో మిగిలిన 800 పిక్సెళ్లలో పైభాగం దూలానికి, కిందిభాగం రెండు హంసలకు సరిపోతుంది. కేడెన్‌లైవ్, బ్లెండర్ వంటి ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో ఈ గడులలో మీ తంగేడు, గునుగు, బంతి పూల దృశ్యాలను అమర్చి, సెకనుకు 25 ఫ్రేములతో ఒకే ఎంపీ4 ఫైలుగా బయటికి తీయండి. గడికీ గడికీ నడుమ కొన్ని పిక్సెళ్ల నల్లటి సందు వదలడం మరవవద్దు. సందు లేకపోతే హంస గడిలోని రంగు దూలం అంచున సన్నటి గీతలా కనబడుతుంది. ఫైలులో రంగులను భద్రపరిచే అమరిక (పిక్సెల్ ఫార్మాట్) వైయువీ420పి అయి ఉండాలి, ఎందుకంటే మిగతా అమరికలను ఆ చిప్పు విప్పలేదు. ఎడిటింగు సాఫ్ట్‌వేర్ వేరే అమరికలో ఇస్తే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు.

మీరు వాడుతున్న ఓఎఫ్ఎక్స్ పైమ్యాపర్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతికి చక్కగా సరిపోతుంది. క్రిష్యానిస్ రియ్నీక్స్ దీనిని ఓపెన్‌ఫ్రేమ్‌వర్క్స్ అనే ప్రోగ్రామింగ్ ఉపకరణం మీద, ప్రత్యేకించి రాస్ప్‌బెర్రీ పైని దృష్టిలో పెట్టుకొని నిర్మించారు. కీబోర్డులో 3 నొక్కితే ఉపరితలాల (స్తంభం, దూలం వంటి ఒక్కో భాగానికి తెర మీద గీసే ఆకారాల) మూలలను కదిపే స్థితి, 4 నొక్కితే ఏ ఉపరితలానికి ఏ వీడియో అన్నది ఎంచుకొనే స్థితి వస్తాయి. అన్ని ఉపరితలాలకూ ఆ ఒక్క వీడియోనే ఎంచుకోండి. తరువాత 2 నొక్కి, వీడియోలోని ఏ గడి ఏ ఉపరితలం మీద పడాలో గుర్తించండి. చాలామంది ఈ 2వ స్థితిని పట్టించుకోకుండా 3, 4లతోనే సరిపెట్టుకొంటారు. అయితే ఒక వీడియోతో తోరణమంతా నడిపే వీలు అక్కడే ఉంది. క్యూ అక్షరం నొక్కితే చతురస్రం, టీ నొక్కితే త్రిభుజం, జీ నొక్కితే వంపులకు పనికివచ్చే జాలీ వస్తాయి. స్తంభాలకు చతురస్రం చాలు, హంస మెడకు మాత్రం జాలీ కావాలి. ఎస్ నొక్కితే అమరికంతా ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో భద్రమవుతుంది. దానికి నకలు తీసి పెన్‌డ్రైవులో ఉంచండి.

మూలలను మౌసుతో సుమారుగా చేర్చి, చివరి సర్దుబాటు బాణం మీటలతో చేయండి. నాలుగు మీటర్ల వెడల్పు బొమ్మలో 1280 పిక్సెళ్లు ఉంటే ఒక్కో పిక్సెలు గోడ మీద దాదాపు 3 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే బాణం మీట ఒకసారి నొక్కితే అంచు అంత మేర జరుగుతుంది. ఈ దశలో పూల వీడియో బదులు తెల్లటి అంచులున్న గళ్ల బొమ్మ పెట్టుకొని, ఒకరు తోరణం పక్కన నిలబడి వెలుగు చెక్క అంచును దాటి వెనుక గోడ మీద పడుతోందో లేదో చెబుతుంటే, మరొకరు మీటలు నొక్కాలి. దూరం నుంచి సరిగ్గా కనబడే అంచు దగ్గరికి వెళితే వేలెడంత తప్పి ఉండవచ్చు. పైగా మన ఆడపడుచులు ఆడేది ఆ తోరణం దగ్గరే.

అందుకే ప్రొజెక్టరు ఎక్కడ పెట్టాలన్నది ముందుగా తేల్చవలసిన విషయం. నేల మీద పెడితే బతుకమ్మ చుట్టూ తిరిగేవారి నీడలు తోరణం మీద పడతాయి, వారి కళ్లలో వెలుగు కొడుతుంది. ఎదురింటి మొదటి అంతస్తు బాల్కనీ గాని, గట్టిగా బిగించిన పరంజా గాని మేలు. ప్రొజెక్టరు దూర నిష్పత్తి (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే ఆరు మీటర్ల దూరం నుంచి నాలుగు మీటర్ల వెడల్పు బొమ్మ వస్తుంది. పైనుంచి వాలుగా పడే బొమ్మ వంకరను సరిచేయడానికి ప్రొజెక్టరులోని కీస్టోన్ అనే వంకర సవరణ సదుపాయం వాడవద్దు. అది పిక్సెళ్లను ముందే పాడుచేస్తుంది. ఆ పని పైమ్యాపర్‌కే వదలండి. బోర్డు నుంచి వెలువడే రిజల్యూషన్ ప్రొజెక్టరు సహజ రిజల్యూషన్‌తో (దానిలో నిజంగా ఉన్న పిక్సెళ్ల సంఖ్యతో) సమానంగా ఉండాలి. అట్టపెట్టె మీద 1080పి అని రాసి ఉన్నా లోపలి సహజ రిజల్యూషన్ అంతకన్నా తక్కువ ఉండే ప్రొజెక్టర్లు బజారులో చాలా ఉన్నాయి కనుక మాన్యువల్ చూసి నిర్ధారించుకోండి. బోర్డును ప్రొజెక్టరు పక్కనే పెట్టి పొట్టి హెచ్‌డీఎంఐ తీగ వాడి, కింది నుంచి వైఫై ద్వారా ఎస్ఎస్‌హెచ్‌తో (మరో కంప్యూటరు నుంచి ఆదేశాలు పంపే పద్ధతితో) నియంత్రించడం ఉత్తమం.

ప్లైవుడ్‌కు మెరిసే ఎనామిల్ రంగు కాకుండా మెరుపు లేని తెల్ల డిస్టెంపరు వేయండి. చెక్కడపు గీతలను నల్లరంగుతో ముందే గీసి ఉంచితే ఆ మేరకు వెలుగు మింగివేయబడుతుంది. వాటిని వీడియోలోనే గీయండి. వరంగల్ కోటలోని అసలు తోరణాల మీదగాని వేయిస్తంభాల గుడి మీదగాని వేయవచ్చా అని కూడా అడిగారు. అవి పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు, అనుమతి లేకుండా తలపెట్టవద్దు. పైగా ఆ గుడిలోని నున్నటి నల్లరాయి స్తంభాల మీద ఇంత చిన్న ప్రొజెక్టరు వెలుగు నిలవదు.

నాలుగు మీటర్ల వెడల్పు, రెండుంబావు మీటర్ల ఎత్తు బొమ్మ అంటే తొమ్మిది చదరపు మీటర్లు; 3000 ల్యూమెన్లు దాని మీద పరుచుకొంటే సుమారు 330 లక్సులు (చదరపు మీటరుకు ల్యూమెన్లు) వస్తాయి, చీకట్లో అది పుష్కలం. అయితే ప్రొజెక్టరు నల్లరంగును వేయలేదు; బొమ్మలో నలుపు అంటే అక్కడి చుట్టుపక్కల వెలుగే. తోరణానికి ఎదురుగా వీధి దీపం ఉంటే ఎంత మంచి వీడియో అయినా పాలిపోతుంది. ఆ ఒక్క దీపాన్ని ఆ సాయంత్రం ఆపించమని కమిటీ పెద్దల ద్వారా ముందే కోరండి.

ఒక హెచ్చరిక. పైమ్యాపర్ వీడియోల కోసం ఆధారపడే ఓఎంఎక్స్‌ప్లేయర్ అనే వీడియో ప్లేయరును 2021లో వచ్చిన బుల్స్‌ఐ అనే వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టంలో వదిలేశారు, కాబట్టి మీ పై 3లో పాత స్ట్రెచ్ వెర్షన్‌నే ఉంచండి. ఎవరైనా పై 5 తెచ్చి ఇచ్చినా దానికి మారడం వల్ల ఈ పనిలో లాభం లేదు, ఎందుకంటే అందులో హెచ్.264ను విప్పే హార్డ్‌వేరే లేదు. కొత్త బోర్డే వాడవలసి వస్తే ల్యాప్‌టాప్ మీద మ్యాప్‌మ్యాప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో అమరిక చేసి, వంపులన్నీ కలిసిపోయిన ఒకే వీడియోగా రికార్డు చేసి, బోర్డులో ఎంపీవీ అనే వీడియో ప్లేయరుతో మళ్లీ మళ్లీ నడిపించండి. ప్రొజెక్టరు, తోరణం కదలనంతవరకు అది చక్కగా పనిచేస్తుంది.

కరెంటు విషయానికి వస్తే, పై 3కి 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టరు తప్పనిసరి. తెర మూలన మెరుపు గుర్తు కనబడితే కరెంటు చాలడం లేదని అర్థం. ఫోను చార్జరును దీనికి వాడవద్దు. బోర్డును ఇన్వర్టరు మీద నడిపించండి, ఎందుకంటే హఠాత్తుగా కరెంటు పోతే మెమరీ కార్డులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. అమరిక పూర్తయ్యాక ఆ కార్డుకు పూర్తి నకలు తీసి మరో కార్డులో సిద్ధంగా ఉంచుకోండి.