రాత్రివేళ వసూలుకు రావచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం దగ్గర పల్లె. మా అక్క పూల వ్యాపారానికి ఒక సంస్థ నుంచి గ్రూపు అప్పు తీసుకుంది. రెండు వాయిదాలు తప్పితే వసూలు మనిషి రాత్రి ఎనిమిదింటికి వచ్చి గడపలో కూర్చుంటున్నాడు. వడ్డీ 12 శాతమే అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు వసూలు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ అక్కను కుంగదీస్తున్నది అదే. 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సూక్ష్మరుణాల (మీ అక్క తీసుకున్నలాంటి చిన్న అప్పుల) వసూలుకు ఉదయం 9 గంటలకు ముందుగానీ, సాయంత్రం 6 తర్వాతగానీ ఫోన్ చేయకూడదు; బెదిరించకూడదు, బంధువులను వేధించకూడదు. వాయిదా కట్టేందుకు ఇద్దరూ ఒప్పుకున్న చోటికి ఆమె వరుసగా రెండుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో రాకపోతేనే సిబ్బంది ఇంటికి రావచ్చు, అయితే రాత్రి గడపలో తిష్ఠవేసి భయపెట్టడం వేధింపే అవుతుంది.

ఇక వడ్డీ. తీర్చిన అసలును తగ్గించకుండా మొదటి మొత్తంపైనే లెక్కగడితే, 10,000 రూపాయలకు నెలనెలా 933 చొప్పున ఏడాది కట్టించుకునే 12 శాతం నిజానికి 21 శాతం దాటుతుంది. పాసుపుస్తకంతో పాటు రుణ వివరాల పత్రం అడిగి, అందులోని వార్షిక రేటు చూడండి. ముందుగా తీర్చేస్తే జరిమానా ఉండదు.

సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి అయిన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. 14448కు ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు.