తాటాకు మీద మూల, కాగితం మీద పూర్వాషాఢ

ప్రశ్న: మాది బరంపురం. నాకు 28 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాను. నాది మూలా నక్షత్రం, రెండో పాదం. "మూల మామకు గండం" అని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. కొన్నాళ్ళయితే మామగారు లేని ఇళ్ళే వెతికారు. చివరికి నాన్న నేను పుట్టిన టైము మార్చి కొత్త జాతకం రాయించారు. తెల్లవారుజామున 4 గంటలకు పుట్టినదాన్ని రాత్రి 9కి పుట్టానట, పూర్వాషాఢనట. ఒడియా జ్యోతిష్కుడు తాటాకు మీద రాసిన అసలు జాతకం బీరువాలో బట్టల కింద ఉంది. ఇప్పుడు పర్లాకిమిడి సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు, నాలుగు నెలలుగా ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం. వైశాఖంలో, ఉత్తరా నక్షత్రంలో ముహూర్తం. వాళ్ళ నాన్నగారికి రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారని ఈమధ్యే తెలిసింది. నేను ఇవన్నీ నమ్మను. అయినా రాత్రిపూట అబ్బాయి ఫోన్ వస్తే గుండె దడ. చిన్నప్పుడు నాకు కోపమొస్తే అమ్మ "రాక్షసగణం, ఎక్కడికి పోతుంది" అనేది. నిజంగా నేను అలాంటిదాన్నేనా? వాళ్ళకి చెప్పాలా? "ఒడియా పాంజి లెక్క వేరు, మన పంచాంగం లెక్క వేరు అని సర్దేస్తాను, నువ్వు నోరు మెదపకు" అంటున్నారు నాన్న.

జవాబు: చెప్పాలమ్మా. పెళ్ళి పట్టుచీరలకి వాళ్ళు ఎలాగూ బరంపురం వస్తారు కదా, ఆ లోపే చెప్పాలి.

ముందు మీ నాన్నగారి మాట చూద్దాం. ఒడియా పాంజికీ మన పంచాంగానికీ తేడా ఉన్నమాట నిజమే. వాళ్ళకి పున్నమి మర్నాటి నుంచి కొత్త నెల, మనకి అమావాస్య మర్నాటి నుంచి. అందుకే బహుళ పక్షంలో మనం ఒక నెల పేరు చెబితే పక్కింటి ఒడియా వాళ్ళు తర్వాతి నెల పేరు చెబుతారు. కానీ జన్మ నక్షత్రానికి నెల పేరుతో పనిలేదు. ఆ వేళకి చంద్రుడు ఎక్కడున్నాడన్నదే లెక్క. ఒక్కో నక్షత్రం 13 డిగ్రీల 20 నిమిషాలు, అది దాటడానికి చంద్రుడికి సుమారు ఒక రోజు పడుతుంది. పంచాంగానికీ పంచాంగానికీ మధ్య కొద్దిపాటి తేడా రావచ్చు గానీ 17 గంటలు రాదు. ఒడిశాలోని ఖండపడాలో వెదురు పుల్లలతో చేసుకున్న పరికరాలతో గ్రహగతులు కొలిచినవాడు పఠాణి సామంత (1835-1904). ఒడియా పాంజిలకు ఆయన రాసిన సిద్ధాంత దర్పణం అనే గ్రంథమే ఆధారమైంది. పాపం, ఈ అబద్ధాన్ని ఆయన లెక్కల మీదికి తోయొద్దనండి.

నాన్నగారు నమ్మే శాస్త్రంతో చూసినా ఆయన చేసింది మీకు మేలు కాదు. పుట్టిన వేళ 17 గంటలు జరిపితే లగ్నం దాదాపు ఎనిమిది రాశులు దాటిపోతుంది. మూలలో పుడితే మొదట వచ్చేది కేతు దశ, పూర్వాషాఢలో అయితే శుక్ర దశ. అంటే సిద్ధాంతిగారు పొంతన చూసింది మీకు కాదు, ఆ రాత్రి తొమ్మిదింటికి పుట్టిన ఎవరో పిల్లకి. ముహూర్తమూ అంతే. పూర్వాషాఢ నుంచి లెక్కపెడితే ఉత్తర ఇరవయ్యోది. తొమ్మిదేసి తీసేస్తే మిగిలేది రెండు, సంపత్తార, మంచిదంటారు. మీ అసలు నక్షత్రం నుంచి లెక్కపెడితే ఇరవై ఒకటి. మిగిలేది మూడు, విపత్తార, చెడ్డదంటారు. నమ్మకం ఉన్నవాళ్ళు ఎవరూ కోరి ఆ ముహూర్తం పెట్టుకోరు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, మీరు నమ్మరు కదా. నాన్నగారికి చదివి వినిపించండి. ఇంకోటి, మీ పేరు ఇక్కడ వెయ్యను గానీ, దాని మొదటి అక్షరం మూలకి చెప్పే యే, యో, బా, బీలలో ఒకటి. పురోహితుడికి అనుమానం రావడానికి అది చాలు.

ఇక "నేను అలాంటిదాన్నేనా" అన్న మాట. రాక్షసగణంలో కృత్తిక, ఆశ్లేష, మఖ, చిత్త, విశాఖ, జ్యేష్ఠ, మూల, ధనిష్ఠ, శతభిషం ఉన్నాయి. 27లో తొమ్మిది. మీ ఆఫీసులో ప్రతి ముగ్గురిలో ఒకరు రాక్షసులన్నమాట. 36 గుణాల పొంతనలో గణానికి ఉన్నవి 6. మీ ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ మార్కులన్నీ దానికే వేశారు.

వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ఒక్కో నక్షత్రంవాళ్ళ స్వభావం చెప్పాడు. మూలవాళ్ళు అభిమానవంతులు, ధనవంతులు, సుఖపడేవాళ్ళు, స్థిరచిత్తులు అన్నాడు. మధ్యలో "న హింస్రః" అని కూడా అన్నాడు, ఒకరికి హాని చెయ్యనివాళ్ళని. మామగారి గండం ఆ వర్ణనలో లేదు. మూల మామకి, ఆశ్లేష అత్తకి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి అని పంచిపెట్టినవి ముహూర్త గ్రంథాలు. మూల నాలుగో పాదానికి దోషం లేదని ఓ సందూ వదిలారు. మీది రెండో పాదం కాబట్టి ఆ సందు మీకు లేదు. లేకపోవడమే నయమనిపించింది నాకు, ఉంటే అందులోంచి జారుకుని ఊరుకునేవారు.

దసరాల్లో మూలా నక్షత్రం నాడు పిల్లల పుస్తకాలు సరస్వతి ముందు పెట్టించేదీ ఈ పెద్దవాళ్ళే. అమ్మవారి పూజకి పనికొచ్చిన నక్షత్రం ఇంటి ఆడపిల్లకి పనికిరాకపోయింది. పురాణంలో చంద్రుడికి క్షయరోగం వచ్చింది కూడా మూల వల్ల కాదు. 27 మంది భార్యల్లో రోహిణినొక్కదాన్నే నెత్తిన పెట్టుకున్నాడని దక్షుడు శపించాడు. అక్కడ గండం మామ వల్ల అల్లుడికి!

నక్షత్ర ఫలం చదివితే "అచ్చం నేనే" అనిపించడం మామూలే. 1948లో ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, ఇది నీ ఒక్కడి గురించే అని నమ్మించాడు. ఎంత సరిపోయిందో మార్కులు వెయ్యమంటే సగటున అయిదుకి నాలుగు పైనే వేశారు. మీ విషయంలో ఆ వర్ణన చదివింది అమ్మ, అదీ మీకు కోపం వచ్చిన ప్రతిసారీ. జవాబు దొరికేదాకా వదలని పిల్లలకి మొండి అనే పేరు ఎవరో ఒకరు పెడతారు. ఈ ఉత్తరం రాయించింది ఆ మొండితనమే అయితే దాన్ని అలాగే ఉంచుకోండి.

నమ్మను అంటూనే ఫోన్ మోగితే దడ అన్నారే, నేను ఎక్కువసేపు ఆగింది అక్కడ. స్టెంట్ వేసిన మనిషికి రేపో పదేళ్ళకో మళ్ళీ ఛాతీనొప్పి రావచ్చు. మందులు మానేస్తేనో, బీపీ షుగర్ అదుపు తప్పితేనో, సిగరెట్ వల్లో వస్తుంది. ఏ కారణమూ కనపడకుండానూ వస్తుంది. కోడలి నక్షత్రం చూసి రాదు. కానీ ఆ రోజు ఆసుపత్రి వరండాలో అందరూ ఆయన కోసం ఏడుస్తుంటే, మీకు మాత్రం బీరువాలోని తాటాకు గుర్తొస్తుంది. ఎవరూ అనకపోయినా మిమ్మల్ని మీరే అనుకుంటారు. అప్పటికి ఎవరికైనా తెలిసిందా, నక్షత్రాన్నీ మోసాన్నీ కలిపి మీ నెత్తినే వేస్తారు. నక్షత్రం మీ చేతిలో లేదు. దాచడంలో మాత్రం మీకూ వాటా ఉంది.

ముందు అమ్మానాన్నలతో మాట్లాడండి. "ఫలానా ఆదివారం అబ్బాయికి చెప్పేస్తున్నాను" అనండి. పర్మిషన్ అడగొద్దు. నాన్నగారిని దొంగని చేసి నిలబెట్టొద్దు, ఎన్ని సంబంధాలు వెనక్కి పోయాయో మీకంటే ఆయనే ఎక్కువ లెక్కపెట్టుకుని ఉంటారు. తర్వాత అబ్బాయికి, ఎదురుగా కూర్చుని చెప్పండి. వాట్సాప్‌లో వద్దు, స్క్రీన్‌షాట్ సాయంత్రానికి బంధువుల గ్రూపులో ఉంటుంది. "నా జాతకంలో టైము మార్చారు. నాది మూల. నాకు తెలిసీ నాలుగు నెలలు చెప్పలేదు, అది నా తప్పు." ఇంతే. ఏడుపొస్తే ఏడవండి గానీ బతిమాలొద్దు. వాళ్ళ నాన్నగారికి చెప్పే పని ఆయనకే వదలండి, గుండెజబ్బు మనిషికి ఏ వేళప్పుడు చెప్పాలో కొడుక్కి తెలుస్తుంది.

వాళ్ళు శాంతి చేయిద్దామన్నా, ముహూర్తం మారుద్దామన్నా సరేననండి, మీకు పోయేదేం లేదు. పుట్టినప్పుడు శాంతి చేయించారేమో అమ్మని అడిగి ఉంచుకోండి. కానీ "మామగారికి ఏమైనా అయితే నీదే పూచీ" అన్న మాట ఎవరి నోట వచ్చినా, నవ్వుతూ వచ్చినా, ఆ ఇల్లు మీకొద్దు. అసలు సంబంధమే తప్పిపోవచ్చు. మండపం అడ్వాన్సు పోతుంది, వీధిలో నాలుగు రోజులు చెప్పుకుంటారు. మీ బాధ అంతకంటే చాలా రోజులు ఉంటుంది, అబ్బాయి మీకు నచ్చాడు కదా.

వెళ్ళేటప్పుడు ఆ తాటాకు తీసుకెళ్ళండి. మీలాగే అబ్బాయీ బళ్ళో ఒడియా చదువుకునే ఉంటారు, వేళా నక్షత్రమూ తనే చూసుకుంటారు. ఇన్నేళ్ళ తాటాకు పెళుసెక్కి ఉండొచ్చు. బట్టల కింద నుంచి లాగకండి, బట్టలు తీసి పైకెత్తండి.