టెక్సాస్‌లో రెస్టారెంట్లకు, షాపులకు తుపాకీ దాచుకుని వెళ్లొచ్చా?

చాలావరకు వెళ్లొచ్చు, ఓనర్ వద్దనకపోతే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టపరమైన నిషేధం లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. లైసెన్స్ పద్ధతి మాత్రం పోలేదు, ఇప్పటికీ ఇస్తున్నారు.

అసలు కిటుకంతా తలుపు దగ్గరి బోర్డులోనే ఉంది. 'తుపాకులు వద్దు' అని ఏదో కాగితం అంటిస్తే లైసెన్స్ ఉన్నవాళ్ల విషయంలో అది చాలదు. వాళ్లు దాచుకుని తేకుండా ఆపాలంటే శిక్షాస్మృతి 30.06 సెక్షన్‌లో చెప్పిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో రాయాలి. బయటికి కనిపించేలా తెచ్చేవాళ్లకు 30.07, లైసెన్స్ లేనివాళ్లకు 30.05. అందుకే కొన్ని షాపుల అద్దాల మీద సగం చట్టం అంటించినట్టు ఉంటుంది! లైసెన్స్ ఉన్నవాళ్లు ఆ బోర్డును లెక్కచేయకపోతే 200 డాలర్ల దాకా జరిమానా. నోటితో వెళ్లిపొమ్మని చెప్పాక కూడా కదలకపోతే కేసు పెద్దదవుతుంది, జైలూ పడొచ్చు.

బార్ల సంగతి వేరు. ఆదాయంలో 51 శాతం, అంతకుమించి అక్కడే తాగే మద్యం మీద వస్తుంటే తుపాకీ నిషేధం. ఎర్ర అంకెలతో 51% బోర్డు పెడతారు. బిర్యానీతో పాటు బీరు కూడా అమ్మే మామూలు రెస్టారెంట్ సాధారణంగా దీని కిందికి రాదు.

డాలస్ వైపు ఉన్న మనవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ వీసా నిషేధం వర్తించదు.